ఏ మీటరు ఎక్కడ అబద్ధమాడుతుంది? కొనేముందు ఒక మేస్త్రీ మాట

కిందటి వారం కాశీనగర్ నుంచి ఒక కుర్రాడు కొట్టుకు వచ్చాడు. ఐటీఐ అయింది, వైర్‌మన్ లైసెన్సు చేతికొచ్చింది, జేబులో ఐదు వేలున్నాయి. "మేస్త్రీ, వోల్టులూ ఆంపియర్లూ చూసుకోవడానికి మంచి మీటరు ఏదో ఒకటి చెప్పండి. బరంపురం వెళ్లి కొనుక్కుంటాను" అన్నాడు.

ఆంధ్రా సరిహద్దు పక్కన, ఒడిశాలోని పర్లాకిమిడిలో కొట్టు పెట్టిన దగ్గర్నుంచి ఈ ప్రశ్న తెలుగులోనూ ఒడియాలోనూ వింటూనే ఉన్నాను. "అన్నా" అని అడిగినా, "భాయినా" అని అడిగినా నేను ఎదురు ప్రశ్నే వేస్తాను: "దాన్ని తీసుకెళ్లి ఎక్కడ పెడతావు?" మీటర్లన్నీ ఎక్కడో ఒక చోట తప్పు చూపించేవే. ఆ చోటు నీ పనిలో తగలకపోతే అది నీకు మంచి మీటరు. రోజూ తగిలేదైతే ఎంత ఖరీదు పెట్టినా దండగే.

ఒకసారి మా ఊళ్లోనే ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో 10 ఆంపియర్ల ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే తనంతట తానే ఆగిపోయే స్విచ్చి, రోజూ మధ్యాహ్నం పడిపోయేది. పిల్లలు కూర్చున్న అరగంటకో ముప్పావు గంటకో టక్కుమనేది. వైరును పళ్ల మధ్య పట్టి కరెంటు కొలిచే నా పాత క్లాంపు మీటరు పెట్టి చూస్తే 9.2 ఆంపియర్లు. పది లోపే కదా అని ఎంసీబీ మార్చాను. కొత్తదీ పడింది. వైరు కనెక్షన్లన్నీ బిగించాను. మళ్లీ పడింది. ఆ కేంద్రం నడిపే ఆయన నన్ను చూసే చూపు మారిపోయింది. చివరికి శ్రీకాకుళం నుంచి వచ్చిన మా బావ తన క్లాంపు పెడితే 14 ఆంపియర్లు చూపించింది. వైరు అదే, నిమిషం అదే, మీటరు ఒక్కటే వేరు.

తప్పు నా పాత మీటరుదని కూడా అనలేను, దాని పద్ధతే అంత. ఏసీ కరెంటు నున్నటి అలలా సాగుతుందని నమ్మి, సగటును కొలిచి, దాన్ని 1.11తో గుణించి చూపిస్తుంది. హీటరుకూ, పాతకాలం బల్బుకూ ఆ లెక్క సరిపోతుంది. కంప్యూటర్లూ, ఎల్‌ఈడీ లైట్లూ, చార్జర్లూ కరెంటును అలలా తీసుకోవు. అల కొన దగ్గర మాత్రం ఒక్క గుక్కలో లాగేసి, తక్కిన సమయం ఊరుకుంటాయి. అలాంటి సన్నటి మొనల మీద సగటు మీటరు దాదాపు 40 శాతం వరకూ తక్కువ చూపించగలదు. అదే మీటరు చదరపు అల ఇచ్చే చవక ఇన్వర్టరు మీద పెడితే 11 శాతం ఎక్కువ చూపిస్తుంది. ఎంసీబీలో వేడికి వంగే బైమెటల్ పట్టీకి ఈ లెక్కలేవీ తెలియవు. దానికి తెలిసింది వేడి. ఆ వేడిని లెక్కగట్టి చూపించేదే ట్రూ ఆర్‌ఎంఎస్ మీటరు.

అందుకే సగటు మీటరా, ట్రూ ఆర్‌ఎంఎస్ మీటరా అంటే ఇవాళ నా దగ్గర రెండో మాట లేదు. మన ఇళ్లలో నున్నటి అలతో నడిచేవి గీజరు, ఇస్త్రీ పెట్టె, పాత రకం ఫ్యాను, వాటితోపాటు ఇంకో రెండు మూడు. మిగతావన్నీ ముక్కలు ముక్కలుగా లాగేవే. క్లాంపు మీటరు కొనేటప్పుడు డబ్బా మీద ఆ మాట ఉందో లేదో చూడండి. లేదంటే అది సగటు మీటరే అనుకోండి.

అయితే ట్రూ ఆర్‌ఎంఎస్ కొన్నాక కూడా తప్పుడు రీడింగ్ వచ్చే చోటు ఒకటుంది. రైసు మిల్లుల్లో మోటారు వేగం మార్చే డ్రైవు పెట్టుకుంటున్నారు కదా, దాని అవుట్‌పుట్ వైపు. అక్కడ వోల్టేజీ సెకనుకు వేలసార్లు కోసిన ముక్కలుగా వస్తుంది. మామూలు ట్రూ ఆర్‌ఎంఎస్ మీటరు ఆ ముక్కలన్నీ కలిపి పెద్ద సంఖ్య చూపిస్తుంది, డ్రైవు తెర మీది సంఖ్యకు పొంతన ఉండదు. దీనికి ఆ వేగపు ముక్కలను వడగట్టే లో పాస్ ఫిల్టర్ ఉన్న మీటరు కావాలి. మిల్లు పని చేయనివాడికి ఆ ఖర్చు అక్కర్లేదు.

ఇక ముల్లు మీటరా, అంకెల మీటరా? 1923లో డొనాల్డ్ మకాడీ అనే బ్రిటిష్ పోస్టాఫీసు ఇంజనీరు మూడు నాలుగు మీటర్లు మోసుకు తిరగలేక ఆంపియర్లు, వోల్టులు, ఓమ్‌లు మూడూ ఒకే పెట్టెలో కొలిచే ఆవోమీటరు తయారు చేశాడట. మన చేతుల్లో ఉన్న మల్టీమీటర్లకు అది ముత్తాత. అంకెల వోల్టుమీటరు 1950ల మొదట్లో ఆండ్రూ కే చేతిలో పుట్టింది. ఇప్పుడు ముల్లు మీటరు కొనమని ఎవరికీ చెప్పను. కానీ నా దగ్గరున్నది మాత్రం అమ్మను. వదులు కనెక్షన్ దగ్గర వోల్టేజీ తడబడుతుంటే అంకెలు పిచ్చిగా మారిపోయి ఏమీ తెలియదు. ముల్లయితే ఊగుతుంది, ఆ ఊపు చూస్తేనే విషయం అర్థమైపోతుంది. కొత్త మీటర్లలో అంకెల కింద చిన్న గీతల పట్టీ పెట్టింది ఈ లోటు కోసమే. అది ఉన్నది తీసుకుంటే ముల్లు లేదన్న బాధ చాలావరకు తీరుతుంది.

అంకెల మీటర్లలో జనం మోసపోయేది కౌంట్ల దగ్గర. మూడు నాలుగు వందలకు దొరికే పసుపు మీటరు 2000 కౌంట్లది, అంటే తెర మీద 1999 దాకానే పడుతుంది. ఇంటి కరెంటు కొలవాలంటే మధ్యలోని బిళ్లను పెద్ద రేంజికి తిప్పాలి, అక్కడ ఒక్కో వోల్టుగానే చూపిస్తుంది. దాని కాగితం మీద సాధారణంగా 1.2 శాతం, పైన 10 అంకెలు (చివరి స్థానంలో పది అటూ ఇటూ) అని ఉంటుంది. 230 వోల్టుల దగ్గర లెక్క వేస్తే 1.2 శాతం అంటే 2.8 వోల్టులు, పది అంకెలంటే 10 వోల్టులు. అంటే 230 అని చూపించినప్పుడు అసలు 217 ఉండొచ్చు, 243 ఉండొచ్చు. 6000 కౌంట్ల మీటరు, 0.5 శాతం, పైన 3 అంకెలు అయితే తేడా ఒకటిన్నర వోల్టు లోపే. మా వైపు సాయంత్రం మోటార్లు వేసే వేళకు వోల్టేజీ 190కి, 200కి దిగడం మామూలు. స్టెబిలైజరు వాడాలా వద్దా అని నిర్ణయించడానికి 13 వోల్టులు అటూ ఇటూ అయ్యే మీటరు పనికిరాదు. బ్యాటరీ సెల్లు చూడటానికి, ఫ్యూజు పోయిందో లేదో చూడటానికి చాలు.

డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసే శాతాన్ని చూసి ఊరుకోకండి, దాని పక్కన చిన్నగా రాసిన అంకెలను చూడండి. ఎక్కువ పొరపాటు అందులోనే ఉంటుంది.

నేను పట్టుబట్టేది ఇంకొకటుంది, క్యాట్ గుర్తు. ఇది కచ్చితత్వం గురించి కాదు, ప్రాణం గురించి. లైన్ల మీద పిడుగు పడినా, పెద్ద లోడు ఒక్కసారి ఆగినా వేల వోల్టుల పోటు ఒక క్షణం వచ్చి పోతుంది. కాళబైశాఖి, అంటే ఎండాకాలపు పిడుగుల గాలివానల రోజుల్లో కొండల పక్క ఊళ్లలో పనిచేసేవాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. ఆ పోటు మీటరులోకి వచ్చినప్పుడు లోపల మంట పుట్టకుండా నిలబడాలి. గోడ సాకెట్లో పెట్టి చూసే పనికి క్యాట్ 2, డిస్ట్రిబ్యూషన్ బోర్డుకు క్యాట్ 3, స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరు దగ్గర, ఎనర్జీ మీటరు దగ్గర క్యాట్ 4. 600 వోల్టుల క్యాట్ 3 మీటరును 6000 వోల్టుల పోటుతో పరీక్షిస్తారు, అదే 600 వోల్టుల క్యాట్ 2ను 4000తోనే. కనుక వెయ్యి వోల్టులు అని రాసి ఉన్న క్యాట్ 2 మీటరు కంటే, 600 అని రాసి ఉన్న క్యాట్ 3 మీటరే బోర్డు దగ్గర నమ్మకమైనది. సంఖ్య పెద్దదని వెయ్యి మీదకు ఎగబడకూడదు.

గుర్తు అచ్చేయడానికి ఎవరికీ ఖర్చు లేదు, కాబట్టి వీలైతే వెనక మూత తెరిచి ఫ్యూజు చూడండి. చిన్న గాజు ఫ్యూజు కనిపిస్తే ఆ క్యాట్ గుర్తు అలంకారం. లావుగా, ఇసుక నింపిన పింగాణీ ఫ్యూజు ఉండాలి. ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలో మరిచిపోయి సాకెట్లో పెట్టే పొరపాటు నాతో సహా అందరూ ఒక్కసారైనా చేస్తారు. ఆ రోజున చేతిని కాపాడేది ఆ ఫ్యూజే.

మంచి మీటరు కూడా అబద్ధమాడే చోటు ఒకటి చెబుతాను. స్విచ్చి ఆపేశాక బల్బు వైరులో మీటరు 70, 80 వోల్టులు చూపిస్తుంది. కొత్తవాళ్లు హడలిపోతారు. అంకెల మీటరు లోపలి నిరోధం 10 మెగా ఓమ్‌ల దాకా ఉంటుంది కనుక పక్కన ఫేజు వైరు నడుస్తున్నా చాలు, దాని నీడ కూడా కొలిచేస్తుంది. కొన్ని మీటర్లలో లోపలి నిరోధాన్ని తగ్గించే లో జెడ్ అనే స్థానం ఉంటుంది. అక్కడికి తిప్పితే నీడ పోయి అసలు మిగులుతుంది. అది లేకపోతే మన పాత టెస్టు ల్యాంపు ఉంది కదా, రెండు తీగల బల్బు. ఈ ఒక్క విషయంలో ఆ ల్యాంపు వేల రూపాయల మీటరును ఓడిస్తుంది. హోల్డరు పగలకుండా, తీగల మీద తొడుగు చినగకుండా చూసుకోండి.

క్లాంపులో రెండు రకాలు. ఒకటి కేవలం ట్రాన్స్‌ఫార్మర్ సూత్రం మీద పనిచేస్తుంది, ఏసీ మాత్రమే. రెండోది వైరు చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టేది, 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన ప్రభావంతో పనిచేస్తుంది, డీసీ కూడా కొలుస్తుంది. పదేళ్ల కిందటైతే ఏసీ రకం చాలు అనేవాణ్ణి. ఇప్పుడు పొలాల్లో సోలార్ పంపులు వచ్చాయి, ఇళ్లలో ఇన్వర్టరు బ్యాటరీలు వచ్చాయి, దారిలో బ్యాటరీ రిక్షాలు తిరుగుతున్నాయి. డీసీ లేని క్లాంపు సగం మీటరే. హాల్ రకంలో లోపమేమిటంటే వాడిన ప్రతిసారీ సున్నా బటన్ నొక్కాలి, లేకపోతే ఖాళీగా ఉన్నప్పుడే అర ఆంపియరు చూపిస్తూ ఉంటుంది. మెత్తటి తాడులా వంగే రొగొవ్‌స్కీ రకం కూడా ఉంది, లావు లోహపు పట్టీల (బస్‌బారుల) చుట్టూ వేయడానికి. అది ఫ్యాక్టరీ పని, మనకు వద్దు.

సోలార్ విషయంలో ఒక్క హెచ్చరిక. పది పలకలు వరసగా కలిపితే 450 వోల్టుల పైమాటే, అదీ డీసీ. ఏసీ సెకనుకు వంద సార్లు సున్నాకు వస్తుంది కనుక నిప్పురవ్వ తెగిపోతుంది. డీసీ రవ్వ తెగదు, సాగుతుంది. నడుస్తున్నప్పుడు కనెక్టరు ఊడదీయకండి. మీటరుకూ దాని తీగలకూ వెయ్యి వోల్టుల డీసీ ఓర్పు ఉందో లేదో చూసుకోండి.

క్లాంపుతో చిన్న కరెంటు కొలవాలంటే అదే వైరును పళ్ల మధ్య నుంచి పదిసార్లు చుట్టి, వచ్చిన దాన్ని పదితో భాగించండి. ఫేజు, న్యూట్రలు రెండూ కలిపి పళ్లలో పెడితే సున్నా రావాలి. రాలేదంటే ఎక్కడో నేలలోకి పోతోంది.

ఇప్పుడు నాకు ఇష్టమైన పనిముట్టు, ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో చూసే మెగ్గరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి పోయాక మహేంద్రతనయ ఒడ్డున ఉన్న మోటార్లు బురదలోంచి తవ్వి తీసి ట్రాక్టర్ల మీద కొట్టుకు తెచ్చారు. వాకిట్లో వరసగా పెట్టాను. ఒక రైతు తన 5 హెచ్‌పీ మోటారును మంచినీళ్లతో కడిగేసి, ఎండలో ఒక పూట పెట్టి, కొడుకు దగ్గరున్న మల్టీమీటరుతో వైండింగుకూ బాడీకీ మధ్య చూశాడు. ఏమీ చూపించలేదు, అంటే షార్టు లేదు. "వేసేస్తాం బాబూ, పంట పోతోంది" అన్నాడు. నేను మెగ్గరు పెట్టి పిడి తిప్పాను. ముల్లు సున్నా దగ్గరే కదిలి ఆగిపోయింది. 0.2 మెగా ఓమ్. ఆయన నా ముఖం వైపూ, కొడుకు చేతిలో మీటరు వైపూ మార్చి మార్చి చూశాడు.

మల్టీమీటరు ఓమ్‌లు కొలిచేది రెండు మూడు వోల్టులతో. తడి ఇన్సులేషన్ ఆ బలానికి లొంగదు. మెగ్గరు 500 వోల్టులు పెట్టి నొక్కుతుంది, అప్పుడు అసలు రంగు బయటపడుతుంది. ఇంటి వైరింగుకైనా, చిన్న మోటారుకైనా 500 వోల్టుల పరీక్షలో కనీసం 1 మెగా ఓమ్ రావాలి. వైండింగు తిరిగి చుట్టిన చిన్న మోటారుకు 5 మెగా ఓమ్‌ల లోపు ఉంటే నేను తిరిగి ఇవ్వను.

ఆ మోటారును టార్పాలిన్ కింద పెట్టి రెండు 200 వాట్ల బల్బులు లోపలికి వేలాడదీశాం. కరెంటు లేదు, జనరేటరు అద్దెకు తెచ్చాం. నాలుగు గంటల తరవాత చూస్తే 0.2 కాస్తా ఇంకా తగ్గింది. రైతు కంగారు పడ్డాడు. ఆరుతున్నప్పుడు అలాగే జరుగుతుంది. ముందు వేడికి లోపలి తడి కరిగి వైండింగంతా పాకుతుంది, రీడింగ్ పడిపోతుంది, తరవాత లేవడం మొదలెడుతుంది. పైగా ఇన్సులేషన్ 10 డిగ్రీలు వేడెక్కితే రీడింగ్ సుమారు సగమవుతుంది. అందుకే వేడిగా ఉన్నప్పుడు తీసిన సంఖ్యనూ చల్లారాక తీసినదాన్నీ పక్కపక్కన పెట్టకూడదు. మూడో రోజు పొద్దున చల్లారాక 40 మెగా ఓమ్‌లు వచ్చింది. అప్పుడిచ్చాను.

చేత్తో తిప్పే మెగ్గరా, బ్యాటరీతో నడిచే అంకెల రకమా అంటే, ఆ తుపాను వారం నేను చేతి మెగ్గరుకు దండం పెట్టాను. ఊళ్లలో కరెంటు లేదు, సెల్లులు దొరకలేదు. పిడి నిమిషానికి 160 చుట్లు తిప్పితే చాలు, దానికి ఇంకేమీ అక్కర్లేదు. కానీ చేతి రకంతో ఒక నిమిషం రీడింగ్ తీయొచ్చేమో గాని, పది నిమిషాల రీడింగ్ తీయలేరు. పెద్ద మోటార్లకు పది నిమిషాల రీడింగును ఒక నిమిషం రీడింగుతో భాగించి చూస్తారు, 2 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే తడీ మురికీ లేనట్టు. ఆ నిష్పత్తికి వేడితో పెద్దగా పని లేదు, అదే దాని గొప్ప. మిల్లు మోటార్లు చూసేవాళ్లకు అంకెల రకం తప్పదు. అదీగాక పరీక్ష అయ్యాక కేబులులో నిలిచిపోయిన చార్జిని అంకెల రకం తనంతట తానే దించుతుంది. చేతి రకంలో మీరు గుర్తుపెట్టుకుని దించాలి. నేను ఒకసారి మరిచిపోయాను, మోచేయి దాకా జిల్లుమంది.

నా సలహా: తిరిగి చుట్టే పని ఏడాది పొడవునా ఉంటే అంకెల మెగ్గరు కొనండి, పాతది దొరికితే చేతిది అటక మీద పెట్టుకోండి. ఇంటి వైరింగు మాత్రమే చేస్తే ఏదైనా ఫరవాలేదు. 250 వోల్టుల స్థానం కూడా ఉన్నది తీసుకుంటే మంచిది, వోల్టేజీ పోటును ఆపే సర్జ్ ప్రొటెక్టర్లు ఊడదీయడం కుదరని బోర్డుల దగ్గర పనికొస్తుంది. డ్రైవులు, ఎల్‌ఈడీ లైట్లు కనెక్షన్‌లో ఉండగా మెగ్గరు పెట్టారంటే అవి పోతాయి, ఖరీదు మీ మీద పడుతుంది.

ఎర్తు పరీక్షకు మా వైపు అందరూ చేసేది బల్బు పరీక్ష. ఫేజుకూ ఎర్తుకూ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి, వెలిగితే ఎర్తు బాగుందంటారు. ఇది వట్టి నమ్మకం. ఆ బల్బు వేడెక్కాక నిరోధం 530 ఓమ్‌ల దగ్గర ఉంటుంది. ఎర్తు పిట్ 50 ఓమ్‌లంత చెడ్డదైనా బల్బుకు 210 వోల్టులు దక్కుతాయి, నిండుగా వెలుగుతుంది. అదే పిట్‌లోకి గ్రైండరు బాడీ షార్టు అయితే పోయేది 4.6 ఆంపియర్లు మాత్రమే. ఏ ఎంసీబీ పడదు, బాడీ మీద కరెంటు అలాగే ఉంటుంది.

మూడు మేకుల (పిట్‌లోది ఒకటి, మనం దిగ్గొట్టేవి రెండు) ఎర్త్ టెస్టరు, పళ్ల ఎర్త్ క్లాంపు, ఈ రెంటిలో పళ్ల రకం సులువుగా కనిపిస్తుంది. మేకులు దిగ్గొట్టక్కర్లేదు, వైరు ఊడదీయక్కర్లేదు. కానీ అది పనిచేయాలంటే కరెంటు తిరిగి రావడానికి వేరే ఎర్తుల దారి ఉండాలి. సబ్‌స్టేషనులో, టవరులో పిట్లు చాలా ఉంటాయి, బాగా పనిచేస్తుంది. ఒంటరి ఇంటి ఒంటరి పిట్ దగ్గర దాని రీడింగుకు అర్థమే లేదు. ధర మూడు మేకుల దానికి కొన్ని రెట్లు. కాబట్టి ఇళ్ల పని చేసేవాడు మూడు మేకుల దానితోనే ఉండాలి. కరెంటు మేకును పిట్ నుంచి 30 మీటర్ల దూరంలో దిగ్గొడితే, మధ్య మేకు 62 శాతం దగ్గర, అంటే సుమారు 18.6 మీటర్ల దగ్గర పెట్టాలి. ఆ మధ్య మేకును అటు రెండు మీటర్లు, ఇటు రెండు మీటర్లు జరిపి చూడండి, రీడింగ్ కదలకపోతే నిజం. మారిపోతుంటే కరెంటు మేకును ఇంకా దూరం తీసుకెళ్లాలి. కొండ కింద రాతి నేలల్లో మేకు దిగదు, చుట్టూ నీళ్లు పోయాలి. పర్లాకిమిడి రాజవీధుల్లో 30 మీటర్ల ఖాళీ నేల ఎక్కడ దొరుకుతుందని అడక్కండి, దానికి నా దగ్గరా జవాబు లేదు.

ఇన్వర్టరు బోర్డులు, టీవీ పవర్ సప్లైలు బాగుచేసేవాళ్లు కరెంటు అలను తెర మీద గీసి చూపించే ఆసిలోస్కోపు గురించి అడుగుతారు. 1897లో జర్మనీ శాస్త్రవేత్త బ్రౌన్ తయారుచేసిన గాజు గొట్టం నుంచి వచ్చిన పాత సీఆర్‌ఓ ఇంకా సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది, చవక, బరువు. అది అలను ఉన్నది ఉన్నట్టు గీస్తుంది. అంకెల స్కోపు నమూనాలు తీసి గీస్తుంది. నమూనాలు చాలకపోతే లేని అల కూడా గీసి చూపిస్తుంది. అయినా నేను అంకెలదే కొనమంటాను. స్విచ్చి వేసిన క్షణంలో ఒక్కసారి వచ్చి పోయేదాన్ని అది పట్టి ఆపుతుంది, బోర్డులు చచ్చేది సరిగ్గా ఆ క్షణంలోనే. స్కోపు ఎంత వేగపు అలను గీయగలదో చెప్పే మెగాహెర్ట్జ్‌ల కోసం ఎక్కువ పెట్టకండి. పవర్ సప్లైలో స్విచ్చింగ్ అంచు 50 నానో సెకన్లది అయితే 0.35ను దానితో భాగించండి, 7 మెగాహెర్ట్జ్ వస్తుంది. 20 చాలు, 50 దండి. జేబులో పట్టే బొమ్మ స్కోపులు మాత్రం వద్దు, వందో రెండొందలో కిలోహెర్ట్జ్ దగ్గరే చేతులెత్తేస్తాయి.

అయితే ఈ ఒక్కటి చదివి కొనండి. బల్ల మీది స్కోపులో ప్రోబు నల్ల క్లిప్పు నేరుగా ఎర్తుకు కలిసి ఉంటుంది. పవర్ సప్లైలో నేరుగా మెయిన్స్ కరెంటు ఉండే వైపు ఆ క్లిప్పు పెడితే ధడేలుమంటుంది. స్కోపు, బోర్డు, ఎంసీబీ మూడూ పోతాయి. మెయిన్స్ వైపు పనిచేయాలంటే ఎర్తుతో పని లేకుండా రెండు చోట్ల మధ్య తేడా చూసే డిఫరెన్షియల్ ప్రోబు కొనాలి, లేదా బ్యాటరీతో నడుస్తూ ఎర్తుకు కలవని ఐసొలేటెడ్ స్కోపు కొనాలి. స్కోపు ఎర్తు పిన్ను విరిచేసి వాడేవాళ్లను చూశాను. అలా చేస్తే స్కోపు బాడీయే ఫేజు అవుతుంది.

కొత్త కరెంటు మీటరు వేగంగా తిరుగుతోందన్న గొడవ సరిహద్దుకు ఇవతలా ఉంది, అవతల ఆంధ్రాలోని పాతపట్నం వైపూ ఉంది. దీనికి ఏ మీటరూ కొనక్కర్లేదు. మీటరు మీద ఎర్ర దీపం పక్కన యూనిట్‌కు ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది, 3200 అనుకోండి. ఇల్లంతా ఆపేసి 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె ఒక్కటే పెట్టండి. పది మిణుకులకు 11 సెకన్ల పైన కొద్దిగా పట్టాలి. అయితే ఇస్త్రీ పెట్టె వెయ్యి వాట్లు తినేది 230 వోల్టుల దగ్గర. వోల్టేజీ 200 ఉంటే తినేది 756 వాట్లే, అప్పుడు పది మిణుకులకు 15 సెకన్లు పడుతుంది. ముందు వోల్టేజీ చూసి తరవాత గడియారం చూడండి. ఇలా చూసినవాళ్లలో చాలామంది గొడవ మానేసి ఇంట్లో పాత ఫ్రిజ్ వైపు చూడటం నా కళ్లతో చూశాను.

కాలిబ్రేషన్, అంటే మీటరును సరైన కొలతతో పోల్చి చూడటం గురించి కాలేజీ పిల్లలు అడుగుతారు. 2019 మే 20 నుంచి ఆంపియరును ఎలక్ట్రాను చార్జికి ముడివేసి నిర్వచించారు. మన దేశంలో ఆ కొలతలకు మూలం ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ. అక్కడినుంచి, ల్యాబులకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీఎల్ ఒప్పుకున్న ల్యాబుల ద్వారా గొలుసు మన దాకా వస్తుంది. రిపోర్టు మీద సంతకం పెట్టేవాడికీ, కాంట్రాక్టు పనివాడికీ ఆ సర్టిఫికెట్టు కావాలి. తక్కినవాళ్లు ఒక మంచి మీటరును పెట్టెలో దాచి, నెలకోసారి పనిమీటరును దాని పక్కన పెట్టి ఒకే సాకెట్లో చూసుకుంటే చాలు. నా దాచిన మీటరు పట్టీ మీద కొన్న తేదీ రాసుకున్నాను, పిల్లలు ముట్టుకుంటే ఊరుకోను.

కాశీనగర్ కుర్రాడికి ఏం చెప్పానంటే, బోర్డుల పనీ, అప్పుడప్పుడు సోలార్ పంపులూ అన్నాడు కనుక ఏసీ, డీసీ రెండూ కొలిచే 600 వోల్టుల క్యాట్ 3 ట్రూ ఆర్‌ఎంఎస్ క్లాంపు ఒకటి, డీసీ వోల్టులు వెయ్యి వరకూ చూసేది, మిగిలిన డబ్బుకు మంచి తీగల జత, టెస్టు ల్యాంపు తనే కట్టుకోవడం. మల్టీమీటరు వేరేగా ఇప్పుడు వద్దు, క్లాంపులోనే ఉంటుంది. ఎర్త్ టెస్టరు ఇంకో ఇద్దరు స్నేహితులతో కలిసి కొనుక్కోమన్నాను, అది రోజూ వాడేది కాదు. "మరి మెగ్గరు?" అన్నాడు. చేతిది నా దగ్గరుంది, కావాల్సిన రోజు పట్టుకెళ్లి సాయంత్రానికి తెచ్చెయ్యి అన్నాను.

శుక్రవారం పట్టుకెళ్లాడు. ఇంకా తేలేదు.